దయకు కొలబద్ద యేది?

కిందటి వేసవిలో మా కేసముద్రంలో ఉపాధ్యాయ మిత్రుల చిన్న సమావేశం వొకటి జరిగింది. కారుణ్య మరణం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. నేను నోరు విప్పకముందే వొక విద్యార్థి లేచి, "సార్, మన దగ్గర బతికే హక్కుకే దిక్కు లేదు. చచ్చే హక్కు మీద చర్చ బూర్జువా విలాసం కాదా?" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. నిజానికి 2004లో యిదే మాట నేనే అన్నాను. యిదే వూళ్ళో, దాదాపు యిదే గొంతుతో. నాకూ చప్పట్లు పడ్డాయి. ఆ రోజు నేనన్న మాటలో సగం తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా యేళ్ళు పట్టింది. ఆ సగం యేదో విడదీసి చూపించడానికే యీ వ్యాసం.

మనుషుల సంగతికి ముందు వొక యెద్దు సంగతి చెప్పాలి.

మా వూరు కాజీపేట - విజయవాడ రైలుమార్గం మీద వుంది. 1978 యెండాకాలంలో పట్టాల పక్కన మేస్తున్న మా యెద్దును గూడ్సుబండి కొట్టింది. వెనక కాళ్ళు రెండూ నలిగిపోయాయి. ప్రాణం పోలేదు. నలుగురూ కలిసి దాన్ని గోనెపట్టాల మీద పొర్లించి వేపచెట్టు నీడకు యీడ్చారు. కోతకు కొనేవాడు వచ్చి వొక ధర చెప్పాడు. మా బాపు వొప్పుకోలేదు. దుక్కి దున్నిన యెద్దును కత్తికి అప్పగించడం పాపమన్నాడు. మా నాయనమ్మ గడపలో కూచొని, "పాపం అది గాదు కొడుకా, గిట్ల పండవెట్టి సూసుడు పాపం" అన్నది. ఆమె మాట యెవరూ వినలేదు. మూడు రోజులు బతికింది ఆ యెద్దు. చెంబుతో నీళ్ళు పోయడం నా పని. పోస్తే తాగేది. ఆ తాగడమే నాకిప్పటికీ గుర్తు.

అప్పటికి పద్ధెనిమిదేళ్ళుగా వొక చట్టం వుంది. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960. అందులో 13వ సెక్షను సరిగ్గా యిలాంటి యెద్దు గురించే రాసి పెట్టింది. కదిలిస్తేనే క్రూరత్వమయ్యేంతగా గాయపడిన జంతువు కనిపించి, యజమాని దగ్గర లేకపోయినా, వొప్పుకోకపోయినా, కానిస్టేబులుకు పై హోదా గల పోలీసు అధికారి ఆ ప్రాంతపు పసుల డాక్టరును పిలిపించాలి. బతికించి వుంచడం క్రూరత్వమని డాక్టరు ధ్రువపరచాలి. మేజిస్ట్రేటు వుత్తర్వు తీసుకోవాలి. అప్పుడు దాన్ని చంపవచ్చు. వొక యెద్దుకు ముగ్గురు అధికారులు. మా వూళ్ళో ఆ ముగ్గురిలో యెవరికీ కబురు పోలేదు. కబురు పంపవచ్చని తెలిసినవాడు వుంటే కదా!

దానికి వొక్క యేడాది ముందే, 1977లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోవధ నిషేధ, జంతు సంరక్షణ చట్టం చేసింది. ఆవును కోయడం పూర్తిగా నిషేధం. యెద్దును కోయాలంటే, అది సేద్యానికీ సంతతికీ యిక లాభసాటి కాదని అధికారి ధ్రువపత్రం యివ్వాలి. యీ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 1960 చట్టం అడిగే ప్రశ్న: దీనికి బాధ యెంత? 1977 చట్టం అడిగే ప్రశ్న: దీనివల్ల ఆదాయం యెంత? ప్రాణం తీయడానికి మన ప్రభుత్వాల దగ్గర రెండు కొలబద్దలున్నాయన్నమాట, వొకటి నొప్పి, రెండోది వుపయోగం. మొదటిది చట్టాల పుస్తకంలో పడుకుంటుంది. రెండోది అంగట్లో రోజూ నడుస్తుంది.

మొదటి కొలబద్దను మన దేశంలో బహిరంగంగా చేతపట్టినవాడు గాంధీ. ఆయన ఆర్థిక భావాలతో మన పేచీ అలాగే వుంది. కాని యీ విషయంలో ఆయన చూపిన తెగువను మన పత్రికలు తగినంత పట్టించుకోలేదని నా అభిప్రాయం. 1926లో అహ్మదాబాదు మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్ తన మిల్లు ఆవరణలో చేరిన అరవై వీధికుక్కలను చంపించాడు. పిచ్చికుక్కల భయం వున్నచోట యింకో దారి లేదని గాంధీ సమర్థిస్తే అహింసావాదులు విరుచుకుపడ్డారు. 1928లో అంతకన్న పెద్ద దుమారం. సబర్మతి ఆశ్రమంలో వొక దూడ నయం కాని జబ్బుతో నరకయాతన పడుతున్నది. డాక్టరు ఆశ వదిలేశాడు. గాంధీ తాను దగ్గర వుండి దానికి మందు సూది వేయించి చంపించాడు. దాచలేదు, "నవజీవన్", "యంగ్ ఇండియా" పత్రికల్లో తానే రాశాడు. కోపంతో వుత్తరాలు వచ్చిపడ్డాయి. ఆయన అక్కడితో ఆగకుండా, యిదే న్యాయం మనిషికి వర్తిస్తుందా అన్న ప్రశ్న కూడా తానే లేవదీశాడు. సేవ చేయడానికీ, నయం చేయడానికీ యే దారీ లేనప్పుడు వర్తిస్తుందన్నాడు. ఐతే వొక తేడా వుంది. దూడ తన మాట తాను చెప్పలేదు, దాని తరఫున యింకొకరు నిర్ణయించక తప్పదు. మనిషి చెప్పగలడు. ఆ చెప్పే మాట యెవరికైనా వినబడుతుందా అన్నదే మనుషుల విషయంలో అసలు చిక్కు.

కుక్కల సంగతి అహ్మదాబాదుతో పోలేదు. 2001లో కేంద్రం చేసిన నియమాల ప్రకారం నయం కాని జబ్బో, ప్రాణాంతక గాయమో వున్న కుక్కను మాత్రమే, పసుల డాక్టరు చేత, నొప్పి లేకుండా చంపాలి. వొక కుక్కను యింకో కుక్క చూస్తుండగా చంపకూడదని కూడా ఆ నియమాల్లో వుంది. వొక గుమాస్తా యెవరో ఆ వాక్యం దగ్గర కాసేపు కలం ఆపి ఆలోచించి వుంటాడు. 2023లో యీ నియమాలను తిరగరాశారు. అదే యేడు ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాణ్ణి కుక్కలు చంపేశాయి. 2026 జనవరిలో మా పక్కనున్న హనుమకొండ జిల్లాలో, శాయంపేట, ఆరెపల్లి వూళ్ళలో వందల కుక్కలను విషం పెట్టి చంపారని పోలీసు కేసులు నమోదయ్యాయి. పంచాయతీ యెన్నికల్లో యిచ్చిన హామీలే కారణమని పత్రికలు రాశాయి. కూలివాడి బిడ్డను కుక్క కరిస్తే ఆ భయం నిజమైనదే, దాన్ని యెగతాళి చేసే పట్నం దయ నాకు అక్కర్లేదు. కాని ఆపరేషన్లు చేసే డాక్టర్లు, షెడ్లు, టీకాలు సమకూర్చవలసిన డబ్బు ఆదా చేసుకొని విషం మందు కొన్నప్పుడు, దానికి దయ అని గాని, ప్రజాక్షేమం అని గాని పేరు పెట్టలేం. అక్కడ పనిచేసింది రెండో కొలబద్దే.

ఆ రెండో కొలబద్ద మనుషుల మీదికి వస్తే యేమవుతుందో జర్మనీ చూపించింది. 1920లో బిండింగ్ అనే న్యాయశాస్త్రవేత్త, హోహె అనే వైద్యుడు కలిసి, బతకదగని బతుకులను అంతం చేయవచ్చునంటూ పుస్తకం రాశారు. అలాంటి రోగుల పోషణకు దేశానికి యెంత ఖర్చవుతుందో లెక్కగట్టారు. నాజీలు వచ్చాక ఆ లెక్క బడిపిల్లల గణితంలోకి దిగింది. పిచ్చాసుపత్రి కట్టడానికి యింత అయితే, ఆ సొమ్ముతో కార్మికులకు యెన్ని యిళ్ళు కట్టవచ్చు? ముప్పై యేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. ఆ లెక్క చదివినప్పుడు నా చేతిలో సుద్దముక్క వున్నట్టే అనిపించింది. లెక్కలో తప్పేమీ లేదు. భాగహారం సరిగ్గానే వస్తుంది. 1939 అక్టోబరులో హిట్లరు సంతకం చేసిన కాగితం (యుద్ధం మొదలైన సెప్టెంబరు 1 తేదీ వేసి) దానికి జవాబు రాసింది. 1941 ఆగస్టులోగా డెబ్బై వేలమంది దాకా మానసిక రోగులను, వికలాంగులను విషవాయువుతో చంపారు. దానికి కూడా కరుణ అనే పేరే పెట్టారు.

ఫాసిస్టుల సంగతి సరే, మన యింట్లో మాటేమిటి? 1911 నవంబరులో మార్క్సు కూతురు లారా, ఆమె భర్త పాల్ లఫార్గ్ ఫ్రాన్సులో కలిసి ప్రాణాలు తీసుకున్నారు. ఆయనకు 69, ఆమెకు 66. ముసలితనం తన శక్తులను హరించి, తనను తనకూ యితరులకూ బరువు చేయకముందే పోతున్నానని లఫార్గ్ రాసి పెట్టాడు. వాళ్ళ అంత్యక్రియల్లో లెనిన్ మాట్లాడాడు. యీ వుదంతాన్ని మన వాళ్ళు వీరగాథలా చెప్పుకోవడం నా విద్యార్థి దశలో విన్నాను. యిప్పుడు నాకది అంత సూటిగా మింగుడు పడదు. తన చావు తానే నిర్ణయించుకున్నాడు, అది ఆయన స్వాతంత్ర్యం. కాని "పనికిరానివాణ్ణి అవుతాను, బరువవుతాను" అన్న కారణం వుందే, అది 1977 నాటి యెద్దు ధ్రువపత్రానికి చాలా దగ్గర. శ్రమను గౌరవించే ఉద్యమం శ్రమ చేయలేని మనిషిని యెలా చూడాలో పూర్తిగా ఆలోచించుకోలేదని నాకు తోస్తుంది.

మన దేశపు కోర్టుల్లో మాత్రం చాలాకాలం ప్రశ్న వేరే రూపంలో నడిచింది. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాణ్ణి జైల్లో పెట్టే 309వ సెక్షను బ్రిటిషువాళ్ళు వదిలివెళ్ళింది. చావడానికి రాజ్యాంగం హక్కు యివ్వలేదని, ఆ సెక్షను చెల్లుతుందని చెన్న జగదీశ్వర్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1980ల చివర తీర్పు చెప్పింది. 1994లో సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం అందుకు విరుద్ధంగా ఆ సెక్షనును కొట్టివేసింది. ఆ కేసులో పిటిషనర్లు యిద్దరు, వొకరు పి. రత్నం, రెండోవారు మన పాఠకులకు కొత్త కాని నాగభూషణ్ పట్నాయక్. 1970ల ఆరంభంలో ఆంధ్రప్రదేశ్‌లో వురిశిక్ష పడినప్పుడు క్షమాభిక్ష అడగనన్న మనిషి, తన మీద వొరిస్సాలో పెట్టిన 309 కేసును సవాలు చేశాడు. రాజ్యం తనను చంపుతానంటే దయ అడగలేదు. తన ప్రాణాన్ని తాను పణం పెడితే అదే రాజ్యం నేరమన్నది! 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు ఆ తీర్పును తిరగదోశారు. ఆ కేసులో మరణహక్కు వాదన తెచ్చినవాళ్ళు, వొక స్త్రీని ఆత్మహత్యకు పురికొల్పారని శిక్షపడిన భార్యాభర్తలు. హక్కు అనే మాట యెవరి నోట పడుతుందో చూడకుండా దాన్ని తూచలేమనడానికి యీ రెండు కేసులూ చాలు. 2024 జులైలో కొత్త శిక్షాస్మృతి వచ్చాక 309 యిక లేదు.

యిక 2004. హైదరాబాదులో వెంకటేశ్ అనే యువకుడు. యిరవై అయిదేళ్ళు. చదరంగం ఆటగాడు. కండరాలు క్రమంగా చచ్చుబడే డుషేన్ జబ్బు. యంత్రం మీద శ్వాస నడుస్తున్నది. తన అవయవాలు చెడిపోకముందే వాటిని యితరులకు యిచ్చి చనిపోనివ్వండని అతను అడిగాడు. అతని తల్లి ఆ కోరికతో డిసెంబరులో హైకోర్టుకు వెళ్ళింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం మెదడు చనిపోయిందని ధ్రువపడితే తప్ప అవయవాలు తీయడానికి వీల్లేదు, కోర్టు నిరాకరించింది. డిసెంబరు 17న అతను చనిపోయాడు. కళ్ళు మాత్రం దానం చేయగలిగారు. చాలా యేళ్ళకు దాని మీద నవల వచ్చింది, 2022లో హిందీ సినిమా వచ్చింది.

సరిగ్గా ఆ వారంలోనే నేను మా వూళ్ళో ఆ చప్పట్ల మాట అన్నాను. వెంకటేశ్ అడిగినదాన్ని కోర్టు తోసిపుచ్చడం తప్పో వొప్పో నేను చెప్పలేదు. ఆనాటి చట్టంలో కోర్టుకు వేరే దారి లేదనే యిప్పటికీ అనుకుంటాను. అవయవాల కోసం బతికివున్నవాణ్ణి చావనిచ్చే తలుపు తెరిస్తే, అమ్ముకునే పేదవాళ్ళూ కొనుక్కునే ధనికులూ వున్న యీ దేశంలో యేమవుతుందో వూహించుకోవచ్చు. కాని నా తప్పు వేరే. నేను అతని మాటే వినలేదు. అతను ఖర్చు గురించి మాట్లాడలేదు, బరువు గురించి మాట్లాడలేదు. నా శరీరం, నా నొప్పి, నా చివరి పని అన్నాడు. రెండు కొలబద్దల్లో దేనికీ లొంగని మాట అది. దాన్ని నేను "విలాసం" అనే మాట కింద తొక్కేశాను.

తర్వాతి కథ విద్యార్థులకు తెలిసిందే, త్వరగా చెబుతాను. 2006లో లా కమిషన్ 196వ నివేదిక, 2012లో 241వ నివేదిక, నయమయ్యే ఆశ లేని రోగికి యంత్రాలు ఆపడం నేరం కాదన్నాయి. మొదటిదానికి జస్టిస్ ఎం. జగన్నాధరావు, రెండోదానికి జస్టిస్ పి.వి. రెడ్డి అధ్యక్షులు, యిద్దరూ తెలుగువాళ్ళే. మధ్యలో 2011 మార్చి 7న అరుణా షాన్‌బాగ్ కేసు తీర్పు. యిక్కడ మాత్రం కాసేపు ఆగాలి. బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న ఆమె మీద 1973 నవంబరులో ఆ ఆసుపత్రి వార్డుబాయి అత్యాచారం చేసి, గొలుసుతో గొంతు బిగించాడు. అప్పటినుంచి 2015 మే 18న చనిపోయేదాకా అదే ఆసుపత్రి మంచం మీద వుంది. ఆమెను చనిపోనివ్వాలని రచయిత్రి పింకీ విరానీ కోర్టుకు వెళితే, ఆసుపత్రి నర్సులు వొప్పుకోలేదు. ఆమె తరఫున మాట్లాడే హక్కు ఆసుపత్రి సిబ్బందిదేనని కోర్టు అన్నది. యెవరు సరి అని మిత్రులు యిప్పటికీ వాదించుకుంటారు. నాకు తెలిసిందల్లా, నాలుగు దశాబ్దాలు వొళ్ళు తుడిచి, ముద్ద నోట్లో పెట్టి, పుండు పడకుండా చూసిన ఆ ఆడవాళ్ళు లఫార్గ్ రాసిన "బరువు" అనే మాటకు పనితోనే జవాబు చెప్పారు. వాళ్ళు అరుణ మనసును సరిగ్గా చదివారా అన్నది వేరే ప్రశ్న. అరుణ చెప్పగలిగే స్థితిలో లేదు.

2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమే అన్నది. స్పృహ వుండగానే వొక పత్రం రాసి పెట్టుకుంటే, ఆ మాట చెల్లుతుంది. ఐతే ఆ పత్రం మేజిస్ట్రేటు ముందు సంతకం కావాలన్నారు. (మా యెద్దుకూ మేజిస్ట్రేటే.) అయిదేళ్ళలో ఆ దారి నడిచినవాళ్ళు యెంత అరుదంటే 2023 జనవరిలో కోర్టే దాన్ని సడలించి, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని చాలునన్నది. ఆసుపత్రిలో రెండు వైద్య బోర్డులు చూడాలి. వొక్కొక్కటి రెండు రోజుల్లో తేల్చాలి.

యిదంతా చదివి మురిసిపోకముందు చిత్తూరు జిల్లా వెళ్ళాలి. 2016లో యెనిమిది నెలల పసిబిడ్డ కాలేయ జబ్బుకు వైద్యం చేయించలేక, చంపడానికి అనుమతి యివ్వమని తల్లిదండ్రులు తంబళ్ళపల్లె కోర్టుకు వెళ్ళారు. పత్రికల్లో వచ్చింది. ప్రభుత్వం చికిత్స ఖర్చు భరిస్తామన్నది. వెంటనే ఆ అర్జీకి అర్థమే లేకుండా పోయింది. 2021 జూన్‌లో అదే జిల్లాలో తొమ్మిదేళ్ళ కొడుకును ఆటోలో వేసుకొని వొక తల్లి అదే కోరికతో పుంగనూరు కోర్టుకు వెళ్ళింది. తిరిగివచ్చే దారిలోనే పిల్లవాడు చనిపోయాడు. యిలాంటివాళ్ళు రాష్ట్రపతికి కూడా అర్జీలు పెడుతుంటారు. రాజ్యాంగం 72వ అధికరణం కింద రాష్ట్రపతి మరణశిక్షను తప్పించగలడు. మరణాన్ని మంజూరు చేయలేడు. ఆ సంగతి అర్జీ రాసేవాళ్ళలో కొందరికైనా తెలుసు. వాళ్ళు అడుగుతున్నది చావు కాదు, ఆసుపత్రి బిల్లు. చావు అనే మాట రాస్తే తప్ప ఆ బిల్లు యెవరూ చదవరు.

అందుకే నా 2004 మాటలో సగం నిజమన్నాను. ఆ సగం నా యింట్లోనే జరిగింది.

2012లో మా బాపుకు వూపిరితిత్తుల జబ్బు ముదిరితే హనుమకొండలో వొక ప్రయివేటు ఆసుపత్రిలో చేర్చాను. గొట్టం వేయకముందు ఆయన నా చెయ్యి పట్టుకొని, "ఇంటికి తోల్కపో బిడ్డా. భూమి అమ్మకు" అన్నాడు. రెండూ వొకే వూపిరిలో. ఆరు రోజులు అయింది. మాకున్న మూడెకరాల్లో వొక యెకరం బేరం కుదిరింది. ఏడో రోజు వొక కాగితం తెచ్చారు. వైద్యుల సలహాకు విరుద్ధంగా, మా సొంత యిష్టంతో రోగిని తీసుకుపోతున్నామని. సంతకం నేనే పెట్టాను. అంబులెన్సులో వొక కుర్రవాడు చేత్తో గాలిబుడ్డ పిసుకుతూ కూచున్నాడు. నెక్కొండ దాటాక బాపు పోయాడు. యీ కాగితం మీద సంతకం పెట్టనివాళ్ళు మా వూళ్ళో యెన్ని యిళ్ళలో వున్నారో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. సుప్రీంకోర్టు 2011లో, 2018లో షరతులు పెట్టి అనుమతించినదాన్ని మా పల్లెలు యే బోర్డూ లేకుండా అంతకుముందు నుంచే చేస్తున్నాయి. దానికి పేరు లేదు అంతే.

ఆయన యింటికి పోవాలనుకున్నాడా, భూమిని కాపాడాలనుకున్నాడా? నేను యింతవరకూ తేల్చుకోలేకపోయాను. త్రాసులో డబ్బు వున్నంతసేపు ఆ మనిషి మాట విడిగా వినబడదు. వెంకటేశ్ మాట వినబడింది గాని నేను వినలేదు. మా బాపు మాట వినాలనుకున్నాను గాని వినబడలేదు. వుచితంగా, దగ్గరలో, మంచి వైద్యం వుండివుంటే "ఇంటికి తోల్కపో" అన్న మాటకు వొకటే అర్థం వుండేది. అప్పుడు నేను పెట్టే సంతకం ఆయన కోరికకు సంతకం అయివుండేది. కాబట్టి బతికే హక్కు ముందా, చచ్చే హక్కు ముందా అన్న వాదనే తప్పుగా వేసిన లెక్క. మొదటిది లేనిచోట రెండోదాన్ని యెవరూ నిజంగా కోరలేరు. కోరినా అది కోరికో, అప్పో తెలియదు.

నొప్పి తగ్గించే మందు సంగతీ అంతే. ప్రపంచంలో చట్టబద్ధంగా నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనదొకటి. విదేశాల మందుల కంపెనీలకు యెగుమతి చేస్తాం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మన ఆసుపత్రుల్లో మార్ఫిను దొరకడం దుర్లభం చేసింది. 2014లో సవరించేదాకా క్యాన్సరు రోగులు చాలాచోట్ల కేకలు పెడుతూనే పోయారు. కేరళ 2008లోనే బాధానివారణ వైద్యానికి ప్రభుత్వ విధానం ప్రకటించుకొని, వూరూరా కార్యకర్తలను నిలబెట్టింది. తెలంగాణలో జిల్లా కేంద్రాల్లో కొన్ని పడకలు వచ్చాయి, మంచిదే. మా మండలంలో మంచం పట్టినవాళ్ళు అక్కడిదాకా పోవాలంటే మళ్ళీ అదే ఆటో, అదే లెక్క. మందు దొరక్క చావు కోరేవాడి మాటను అతని నిర్ణయమని యెలా అంటాం?

ఆ విద్యార్థికి యిదంతా చెప్పాను. అతను వొప్పుకోలేదు. మీరు రెండు వైపులా మాట్లాడుతున్నారన్నాడు. పోనీ, అలాగే అనుకోమన్నాను.

ఆ సమావేశం అయిన పది రోజులకు నా పత్రం నేనే రాసుకున్నాను. నయం కాని స్థితి వస్తే యంత్రాలు వద్దని, నొప్పికి మందు మాత్రం ఆపవద్దని, డబ్బు వున్నా లేకపోయినా యిదే నా కోరిక అని. ఆ చివరి మాట కింద గీత గీశాను. నోటరీ దగ్గరికి తీసుకుపోతే ఆయన గుమాస్తా మొదటి పేజీ తిప్పి, సర్వే నంబరు యేదని అడిగాడు. విషయం చెబితే కాగితం జాగ్రత్తగా మడిచి వెనక్కి యిచ్చి, యిలాంటివి తాము యెప్పుడూ చేయలేదన్నాడు. గెజిటెడ్ హెడ్మాస్టరుగా వున్న మిత్రుణ్ణి అడిగాను. నలభై యేళ్ళ కమ్యూనిస్టు. కళ్ళజోడు తీసి తుడుచుకొని, "శుభమా అని పింఛను తీసుకుంటున్నవ్, గిదేం పనిరా" అన్నాడు. తర్వాత కూచొని మొత్తం చదివాడు. గీత గీసిన వాక్యం రెండుసార్లు చదివాడు. వచ్చే ఆదివారం రమ్మన్నాడు.